దాత గుమ్మం ఎక్కేముందు

2021 క్రిస్మస్ నాడు కోల్‌కతాలోని మిషనరీస్ ఆఫ్ ఛారిటీకి విదేశీ విరాళాల అనుమతి పునరుద్ధరించేది లేదని కేంద్ర హోంశాఖ తేల్చేసింది. జనవరి మొదటి వారంలో అనుమతి తిరిగొచ్చింది గానీ, ఈలోపే ఒడిశా ముఖ్యమంత్రి తమ రాష్ట్రంలోని ఆ సంస్థ ఆశ్రమాలకు సహాయనిధి నుంచి దాదాపు 79 లక్షల రూపాయలు మంజూరు చేయాల్సి వచ్చింది. 1950లో మదర్ థెరిసా స్థాపించిన సంస్థకే అంత కంగారు పుడితే ఊరూపేరూ లేని వాటి సంగతి చెప్పనక్కర్లేదు. అనంతపురంలో రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్ (ఆర్డీటీ) కోసం 2025లో జనం రోడ్డెక్కిందీ ఈ అనుమతి గురించే. స్వచ్ఛంద సంస్థలు నిధులు వెతికేటప్పుడు ఎవరు ఎంత ఇస్తారన్నదే చూస్తాయి. ఏ షరతు మీద ఇస్తారు, ఎప్పుడు ఆపేస్తారు అన్నది అంతకన్నా ముందు చూడాలి. విదేశీ విరాళాల చట్టానికి 2020లో చేసిన సవరణ తర్వాత విదేశీ సొమ్ము మొదట ఢిల్లీలోని స్టేట్ బ్యాంక్ శాఖకే రావాలి, మరో సంస్థకు పంచడానికి లేదు, పరిపాలన ఖర్చు 20 శాతం దాటకూడదు. పెద్ద సంస్థల చేతి మీదుగా బతికిన చిన్న సంస్థలకు ఆ దారి మూసుకుపోయింది. విదేశీ డబ్బు మీద నిఘా ఉండాలన్న వాదనను కాదనలేం. అయితే ఆ నిఘా ఎప్పుడు ఎటు తిరుగుతుందో తెలియనప్పుడు మొత్తం బరువు అక్కడే పెట్టడం తెలివైన పని కాదు.

మరి కంపెనీల సామాజిక బాధ్యత నిధులు, అంటే సీఎస్ఆర్ సంగతి? కంపెనీల చట్టం 135వ సెక్షన్ ప్రకారం పెద్ద కంపెనీలు మూడేళ్ల సగటు లాభంలో రెండు శాతం ఖర్చు పెట్టి తీరాలి. ఇక్కడ కావలసింది పరిచయాల కన్నా ఓపిక. ఏ కంపెనీ ఏ రాష్ట్రంలో, ఏ రంగానికి ఎంత ఇచ్చిందో కేంద్రం నడిపే సీఎస్ఆర్ పోర్టల్‌లో కనిపిస్తుంది. బోర్డు ఆమోదించిన ప్రాజెక్టులను కంపెనీ తన వెబ్‌సైట్‌లో పెట్టాలి. కోల్ ఇండియా ప్రధాన కార్యాలయం కోల్‌కతాలోని న్యూటౌన్‌లోనే ఉంది కదా అని నగరంలో బడి నడిపేవాళ్లు దరఖాస్తు పట్టుకెళ్లవచ్చు. కానీ కంపెనీ పనిచేసే ప్రాంతానికే ప్రాధాన్యం ఇవ్వాలని చట్టం చెబుతోంది కాబట్టి ఆ డబ్బు ముందు చూసేది గనుల చుట్టూ ఉన్న పల్లెల వైపు. గంటసేపు ఆ లెక్కలు తిరగేస్తే నెలల తిరుగుడు తప్పుతుంది. పైగా ఈ సొమ్ములో ఎక్కువ భాగం ప్రాజెక్టుకు కట్టుబడి వస్తుంది. ఆఫీసు అద్దె, లెక్కలు రాసే మనిషి జీతం ఎవరికీ పట్టవు.

ఆ ఖర్చు తీరాల్సింది ఇరుగుపొరుగు డబ్బుతోనే. దుర్గాపూజ ముందు కోల్‌కతా కుర్రాళ్లు రసీదు పుస్తకం పట్టుకుని ఇల్లిల్లూ తిరుగుతారు. అదే వీధిలో పనిచేసే సంస్థ మాత్రం ఆ తలుపులు తట్టదు. చిల్లర చందాలతో ఆసుపత్రి నడుస్తుందా అంటే నడవదు. పెద్ద దాత చేయి వెనక్కి తీసుకున్న నెలలో తలుపులు మూతపడకుండా మాత్రం అవి చూస్తాయి. పూజకైతే ఇస్తారు, సమాజం మొహం తిప్పుకునే పనికి ఎవరిస్తారన్నది ఇంతకన్నా గట్టి ప్రశ్న. కోల్‌కతా సోనాగాచీలో సెక్స్ వర్కర్లు 1995లో పెట్టుకున్న ఉషా సహకార సంఘం దానికో జవాబు. సభ్యులకు మంచి నడవడిక ఉండాలన్న సహకార చట్టం నిబంధన అడ్డొచ్చింది. గృహిణులమని రాసుకోమన్నా వాళ్లు ఒప్పుకోలేదు, చివరికి ప్రభుత్వమే దిగొచ్చింది. అక్కడ సభ్యుల పొదుపే నిధి అయింది. అన్ని పనులకూ ఈ దారి కుదరదు, నిజమే. పసిపిల్లలకో, మతిస్థిమితం లేనివాళ్లకో పొదుపు ఎక్కడిది?

అందుకే చిన్న దాతను నిలబెట్టుకోవడం ప్రభుత్వం పని కూడా. కొత్త ఆదాయపు పన్ను విధానంలో విరాళాల మీద పన్ను మినహాయింపు లేదు. జీతగాళ్లను ఆ విధానంలోకే మళ్లిస్తున్నప్పుడు, ఐదు వేలు ఇచ్చే గుమాస్తాకు సంస్థ చూపగల ఆకర్షణ ఒకటి తగ్గినట్టే. బడ్జెట్‌లో పెద్ద రాయితీలేవీ అక్కర్లేదు. ఏడాదికి ఓ పరిమితి వరకు చిన్న విరాళాలకు ఆ మినహాయింపును కొత్త విధానంలోనూ ఇస్తే చాలు.