కేసు వేయని వాళ్ల సంగతేంటి?

మా తాతయ్య నోట నేను విన్న మొదటి కోర్టు మాట ‘ఇంజక్షన్’. పక్క చేను ఆయన ఏటా గట్టు కొంచెం కొంచెం ఇటు జరుపుతున్నాడని తాతయ్య కోర్టుకెళ్లి “ఇంజక్షన్ ఆర్డరు” తెచ్చుకున్నాడు. కోర్టులో సూది ఎందుకు పొడుస్తారా అని చిన్నప్పుడు నాకు పెద్ద డౌటు. అసలు మాట ఇంజంక్షన్ అని నాకు తెలిసింది పోయినేడాది జూన్ 27న. చెప్పింది తాతయ్య కాదు, మా ఫ్యామిలీ వాట్సాప్ గ్రూప్.

ఆ రోజు అమెరికా సుప్రీంకోర్టు ‘ట్రంప్ వర్సెస్ కాసా’ కేసులో తీర్పు ఇచ్చింది. ఒక జిల్లా కోర్టు జడ్జి ప్రభుత్వ ఉత్తర్వుని దేశం మొత్తం మీద ఆపేసే ఇంజంక్షన్ ఇవ్వడం, 1789లో చట్టం ఆ కోర్టులకి ఇచ్చిన అధికారాన్ని దాటినట్టే ఉందని 6-3 మెజారిటీతో చెప్పింది. మా పెద్దమ్మ కూతురు ఉండేది టెక్సస్‌లో, డాలస్ పక్కన ఫ్రిస్కోలో. అక్కా బావా ఇద్దరిదీ హెచ్-1బి. అక్కకి అప్పుడు ఎనిమిదో నెల. ఆగస్టులో డెలివరీ.

వెనక్కి వెళ్తే, 2025 జనవరి 20న, పదవిలోకి వచ్చిన రోజే, ట్రంప్ ఒక ఉత్తర్వు మీద సంతకం పెట్టాడు. తల్లి అక్రమంగా ఉన్నా, లేదా చదువు, ఉద్యోగం లాంటి తాత్కాలిక వీసా మీద ఉన్నా, తండ్రికి పౌరసత్వమో గ్రీన్‌కార్డో లేకపోతే, అక్కడ పుట్టిన బిడ్డని పౌరుడిగా గుర్తించరు. 30 రోజుల తర్వాత పుట్టే పిల్లల నుంచి అమలు. 1868 నాటి 14వ రాజ్యాంగ సవరణ, 1898 నాటి వాంగ్ కిమ్ ఆర్క్ తీర్పు దీనికి అడ్డంగా ఉన్నాయి. మూడు రోజుల్లోనే సియాటిల్‌లో జాన్ కోగ్నవర్ అనే జడ్జి దాన్ని ఆపేశాడు. ఆయన్ని నియమించింది రీగన్, అంటే ట్రంప్ పార్టీ ప్రెసిడెంటే. తర్వాత మేరీల్యాండ్‌లో, మసాచుసెట్స్‌లో కూడా ఇంజంక్షన్లు వచ్చాయి. అన్నీ దేశమంతటికీ వర్తించేవే. అందుకే అక్క కడుపుతో ఉన్నన్నాళ్లూ మాకు పెద్దగా బెంగ లేదు.

జూన్ 27న సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వు మంచిదో చెడ్డదో చెప్పలేదు. ఆ ప్రశ్న తన ముందుకి రాలేదంది. ఇంజంక్షన్ కేసు వేసిన వాళ్లకి పూర్తి ఊరట ఇవ్వడానికి ఎంత అవసరమో అంతవరకే ఉండాలంది. ఉత్తర్వు అమలుకి ఇంకో 30 రోజులు గడువు పెట్టింది. అంటే జూలై ఆఖరు. అక్క డెలివరీ ఆగస్టు.

కేసు వేసిన రాష్ట్రాలు 22. అందులో న్యూజెర్సీ ఉంది, టెక్సస్ లేదు. మా మావయ్య వాళ్లుండేది న్యూజెర్సీలోని ఎడిసన్‌లో. ఇక చూడండి, గ్రూపులో నడిచిన చర్చ. “ఎనిమిదో నెలలో ఫ్లైట్ ఎక్కనిస్తారా?” “అక్కడ ఇన్సూరెన్స్ పనిచేస్తుందా?” “ఇన్ని నెలలు చూసిన డాక్టర్ని వదిలేసి కొత్త డాక్టరా?” పెద్దమ్మ మాత్రం ఒకటే అడిగింది: “అదీ అమెరికానే, ఇదీ అమెరికానే కదరా?”

ఈ వ్యాసం మొత్తం ఆ ప్రశ్న గురించే. నేను లా స్టూడెంట్‌ని కాదు, సీఎస్ఈ సెకండియర్. పదో క్లాసు దాకా తెలుగు నాకు ఒక సబ్జెక్టు మాత్రమే, కాబట్టి తప్పులుంటే ఎడిటర్ని అనండి. కానీ ఆ నెలంతా నేను చదివింది ఇదే.

మొదట, సుప్రీంకోర్టు మెజారిటీ చెప్పింది మా తాతయ్యకి చక్కగా అర్థమవుతుంది. గట్టు తగాదా ఇద్దరి మధ్య. ఆర్డరు ఆ ఇద్దరికే. ఊళ్లో మిగతా గట్ల సంగతి ఆ జడ్జిగారికి ఎందుకు? జస్టిస్ ఎమీ కోనీ బారెట్ రాసిన తీర్పులో తర్కం ఇదే. పాత ఇంగ్లండు కోర్టుల్లో కేసులో లేని వాళ్లందరికీ వర్తించే ఇంజంక్షన్ అనేది లేదు, 1789 చట్టం ఆ పద్ధతినే అమెరికాకి తెచ్చింది, కాబట్టి ఇప్పుడూ లేదు.

కానీ తాతయ్యకి తెలిసిన తగాదాల్లో గట్టు ఒక్కటే కాదు, బోదె కాలువ కూడా ఉంది. ఎగువ రైతు బోదెకి అడ్డకట్ట వేశాడనుకోండి. దిగువన ఒక్క రైతే కోర్టుకెళ్లాడు. అడ్డకట్ట తీయమని ఆర్డరు వస్తే నీళ్లు ఆ ఒక్కడి చేలోకే వెళ్లవు. దారిలో ఉన్న చేలన్నీ తడుస్తాయి. కేసు వేయని వాళ్ల వైపు నీళ్లు రాకుండా జడ్జి ఆపమంటే అది న్యాయంలా ఉండదు, కక్షలా ఉంటుంది. బారెట్ తీర్పు కూడా ఈ రెండో రకం ఉందని ఒప్పుకుంది. వాదికి పూర్తి ఊరట ఇచ్చేటప్పుడు పక్కవాళ్లకి కూడా మేలు జరిగితే జరగనీ అంది. మరి పౌరసత్వం గట్టా, బోదెనా? తొమ్మిది మంది జడ్జిలు చీలింది దాదాపు ఇక్కడే.

నాకైతే అది బోదె లాగే కనిపిస్తుంది. ఎడిసన్‌లో పుట్టిన పాప పౌరురాలు, ఫ్రిస్కోలో పుట్టిన పాప కాదు అంటే, రేపు ఎడిసన్ పాప తల్లిదండ్రులు డాలస్‌కి ఉద్యోగం మారితే ఏం చేస్తారు?

ఇప్పుడు అవతలి వైపు. ఇది నేను తేలిగ్గా తీసేయలేను, ఎందుకంటే ఇది సరిగ్గా మన సబ్జెక్టే. అమెరికాలో ఫెడరల్ జిల్లా కోర్టులు 94, జడ్జిలు ఆరు వందల పైమాటే. వీళ్లలో ఎవరైనా ఒక్కరు దేశం మొత్తం మీద పాలసీని ఆపగలిగితే, ప్రభుత్వం పాలసీ నడవడానికి అన్ని కోర్టుల్లోనూ గెలవాలి. ఎదుటివాళ్లకి ఒక్కచోట గెలిస్తే చాలు. మనం ఫస్ట్ సెమ్‌లో గీసిన యాండ్ గేట్ గుర్తుందా? ఒక్క ఇన్‌పుట్ సున్నా అయితే అవుట్‌పుట్ సున్నా. 94 ఇన్‌పుట్‌ల యాండ్ గేట్‌తో దేశాన్ని నడపడం కష్టమే.

పైగా ఆ ఒక్క ఇన్‌పుట్ ఏదో ఎంచుకునే వీలు కూడా ఉంది. టెక్సస్‌లో అమరిల్లో అనే ఊళ్లో కేసు వేస్తే అది మ్యాథ్యూ కజ్మారిక్ అనే ఒకే జడ్జి దగ్గరికి వెళ్లేది. 2023 ఏప్రిల్‌లో ఆయన, 2000లో ఆమోదం పొందిన గర్భస్రావం మందు మిఫెప్రిస్టోన్ ఆమోదాన్ని దేశమంతటా నిలిపేస్తూ ఆర్డరు ఇచ్చాడు. రెండు వారాల్లో సుప్రీంకోర్టు దాన్ని ఆపింది. 2024లో, అసలు వీళ్లకి కేసు వేసే అర్హతే లేదని తొమ్మిది మందీ ఏకగ్రీవంగా తేల్చారు. అక్కడ ఆ మందు వాడే ఆడవాళ్లకి ఆ రెండు వారాలు ఎలా గడిచుంటాయో, జూన్ 27 తర్వాత మా ఇల్లు చూశాక నాకు కొంచెం అర్థమైంది. జడ్జి మనవాడైతే రాజ్యాంగ రక్షకుడు, అవతలివాడైతే నియంత. 2015లో ఒబామా తెచ్చిన, 40 లక్షల మందికి పైగా పనికొచ్చే వలసదారుల పథకాన్ని టెక్సస్ జడ్జి ఆండ్రూ హేనన్ ఆపితే రిపబ్లికన్లు చప్పట్లు కొట్టారు. రెండేళ్లకి ట్రంప్ ప్రయాణ నిషేధాన్ని సియాటిల్, హవాయి జడ్జిలు ఆపితే వాళ్లే అరిచారు. డెమోక్రాట్లు సరిగ్గా దానికి రివర్స్. జస్టిస్ ఎలీనా కేగన్ 2022లో ఒక లా కాలేజీలో మాట్లాడుతూ, ఒక్క జిల్లా జడ్జి దేశం మొత్తం పాలసీని ఏళ్ల తరబడి ఆపేయడం సరికాదన్నారు. 2025లో ఆవిడే భిన్నాభిప్రాయం వైపు నిలబడ్డారు. ఇది తప్పు పట్టడానికి చెప్పడం లేదు. కానీ ఈ చర్చలో ఎవరి మాట విన్నా, అప్పుడు వైట్‌హౌస్‌లో ఎవరున్నారో ముందు చూసుకోవాల్సి వస్తోంది.

ఇంత తెలిశాక కూడా నేను ఎటువైపు అంటే, కేసు వేయని వాళ్ల వైపు. దానికి కారణం 2025 ఏప్రిల్. ఎమ్మెస్ ప్లాన్‌లో ఉన్న సీనియర్లకి ఆ నెల గుర్తుండే ఉంటుంది. అమెరికా ప్రభుత్వం వేలమంది విదేశీ విద్యార్థుల సెవిస్ రికార్డుల్ని ఉన్నట్టుండి రద్దు చేసింది. కొంతమంది విషయంలో కారణం చూస్తే ఎప్పుడో కొట్టేసిన చిన్న ట్రాఫిక్ కేసు. రికార్డు పోతే ఎఫ్-1 స్టేటస్ పోయినట్టే అన్న భయం. వాళ్లలో మనవాళ్లు చాలామంది. కోర్టుకెళ్లిన వాళ్లకి జడ్జిలు ఊరట ఇచ్చారు, కానీ ఎక్కువగా కోర్టుకెళ్లిన వాళ్లకే. జార్జియాలో ఒక్క కేసులోనే 133 మంది చేరారు. చేరని వాడి సంగతి? లాయర్ ఫీజు లేనివాడు, పేరు బయటికొస్తే ఇంకా ఇబ్బంది అనుకున్నవాడు, ఇంట్లో చెప్పలేక రూమ్‌లో కూర్చున్నవాడు? తప్పు ఒకటే, కారణం ఒకటే, రద్దు చేసిన బటన్ కూడా ఒకటే. దేశమంతటా కేసులు పెరిగాక ఏప్రిల్ ఆఖర్లో ప్రభుత్వమే రికార్డులు తిరిగి పెడతామంది. మే 22న ఓక్లండ్ జడ్జి జెఫ్రీ వైట్ దేశమంతటి విద్యార్థులకీ వర్తించే ఇంజంక్షన్ ఇచ్చాడు. ఆ మధ్యలో కొందరు చదువు వదిలేసి విమానం ఎక్కేశారు.

మన భాషలో చెప్పాలంటే, సర్వర్‌లో బగ్ ఉంది, ఒక యూజర్ రిపోర్ట్ చేశాడు. మనం ఆ ఒక్కడి అకౌంట్‌లో ప్యాచ్ వేసి, మిగతావాళ్లు కూడా ఒక్కొక్కరే టికెట్ రైజ్ చేయాలి అంటే ఆ కంపెనీని ఎవరైనా మెచ్చుకుంటారా?

మన దేశంలో ఈ ప్రశ్న ఇంత పదునుగా రాలేదు. 2004లో కుసుమ్ ఇంగాట్స్ కేసులో మన సుప్రీంకోర్టు, పార్లమెంటు చట్టం రాజ్యాంగబద్ధత మీద ఒక హైకోర్టు ఇచ్చే ఉత్తర్వు దేశమంతటికీ వర్తిస్తుందని చెప్పింది. 2021లో ఐటీ రూల్స్‌లో కొంత భాగం మీద బొంబాయి హైకోర్టు స్టే ఇస్తే, అది దేశమంతటా పనిచేయాలని మద్రాసు హైకోర్టు అంది. అయితే తేడా ఉంది. మన దగ్గర అది హైకోర్టు, జిల్లా కోర్టు కాదు. ఇలాంటి పెద్ద కేసులు మామూలుగా ఇద్దరు జడ్జిల బెంచికి వెళ్తాయి. ఇక ప్రజాప్రయోజన వ్యాజ్యం అనేది ఉన్నాక, కేసు వేసినవాడికే ఊరట అన్న మాట మనకి వింతగానే ఉంటుంది.

నాకు తోచిన దారి కూడా ఈ తేడాలోంచే వచ్చింది, అమెరికా ఒకప్పుడు నడిచిన దారే అది. 1937లో వాళ్ల కాంగ్రెస్ ఒక రూలు పెట్టింది: ఫెడరల్ చట్టాన్ని రాజ్యాంగవిరుద్ధమని ఆపాలంటే ఒక్క జడ్జి చాలడు, ముగ్గురు కూర్చోవాలి. అప్పీలు నేరుగా సుప్రీంకోర్టుకే. 1976లో ఆ రూలు తీసేశారు. దాన్ని ప్రెసిడెంట్ ఉత్తర్వులకి కూడా కలిపి మళ్లీ తెస్తే? ముగ్గురినీ లాటరీలో తీస్తే అమరిల్లో ట్రిక్కు పనిచేయదు. అప్పీలు త్వరగా తేలితే ఏళ్ల తరబడి ఆగడం ఉండదు. ఊరట మాత్రం అందరికీ ఉంటుంది. 2025 ఏప్రిల్‌లో ప్రతినిధుల సభ పాస్ చేసిన బిల్లులో, వేర్వేరు ప్రాంతాల రాష్ట్రాలు కలిసి వేసే కేసుల వరకు ఇలాంటి ముగ్గురు జడ్జిల ఏర్పాటు ఉంది. నా గొడవల్లా, మిగతా అందరికీ అది తలుపు మూసేస్తుంది. ఎవరు నొక్కాలో సరిచేయాల్సింది పోయి, బటన్‌నే చిన్నది చేస్తున్నారు.

“క్లాస్ యాక్షన్ ఉంది కదా” అంటారు కొందరు. నిజమే, ఉంది. సుప్రీంకోర్టే ఆ దారి తెరిచి ఉంచింది, దాన్ని దొడ్డిదారి చేయొద్దని జస్టిస్ అలీటో విడిగా హెచ్చరించినా సరే. మమ్మల్ని గట్టెక్కించింది అదే. జూలై 10న న్యూ హాంప్‌షైర్‌లో జోసెఫ్ లాప్లాంట్ అనే జడ్జి, ఫిబ్రవరి 20 తర్వాత పుట్టిన, పుట్టబోయే ఇలాంటి పిల్లలందర్నీ ఒక క్లాస్‌గా గుర్తించి వాళ్లకి ఇంజంక్షన్ ఇచ్చాడు. ఈయనే ఫిబ్రవరిలో ఇదే విషయం మీద దేశమంతటికీ కాకుండా, కేసు వేసిన సంస్థల సభ్యుల వరకే ఆర్డరు ఇచ్చాడు. జూన్ 27 నుంచి జూలై 10 దాకా పదమూడు రోజులు. ఈ పదమూడు రోజుల్లో మా బావ ఎడిసన్‌కి టికెట్లు రెండుసార్లు బుక్ చేసి రెండుసార్లు క్యాన్సిల్ చేశాడు. క్లాస్‌గా గుర్తించడానికి చాలా షరతులుంటాయి, ప్రతి తప్పుకీ అది కుదరదు. కుదిరినా ఇంత త్వరగా అవుతుందన్న గ్యారంటీ లేదు.

అక్కకి ఆగస్టులో ఫ్రిస్కోలోనే పాప పుట్టింది. పాస్‌పోర్టు కూడా వచ్చింది. ఆ ఉత్తర్వు చెల్లుతుందా అన్న అసలు ప్రశ్నని సుప్రీంకోర్టు డిసెంబరులో విచారణకి తీసుకుంది. అది ఈ న్యూ హాంప్‌షైర్ కేసే, పేరు ‘ట్రంప్ వర్సెస్ బార్బరా’.

సంక్రాంతికి ఇంటికెళ్తే పెద్దమ్మ ఆ బార్బరా ఎవరని అడిగింది. హోండురస్ నుంచి వచ్చి ఆశ్రయం అడిగిన ఒక తల్లి అని, అది ఆవిడ అసలు పేరు కాదని, భయంతో కోర్టులో మారుపేరు వాడిందని చెప్పాను. “పేరు చెప్పుకోలేని ఆవిడ వేసిన కేసా మన పాపని కాచింది?” అంది పెద్దమ్మ. తర్వాత చాలాసేపు ఏం మాట్లాడలేదు, అరిసెలు డబ్బాలో సర్దుతూ ఉండిపోయింది.