నేరమంతా మాతృభాషదేనా?

పాతబస్తీలో పెరిగిన విద్యార్థి చెవిని ఉదయం నుండి రాత్రి వరకు మూడు భాషలు పడుతూనే ఉంటాయి. ఇంటిలో తెలుగో ఉర్దూయో, పత్తర్‌గట్టీ దుకాణాలలో దక్కనీ, కళాశాలలో ఆంగ్లం. అట్టి విద్యార్థి ఆంగ్లంలో తప్పు వ్రాయగానే 'మాతృభాషా ప్రభావం' అని తేల్చివేయడం మనకు అలవాటైపోయింది. ఈ తీర్పులో సగమే న్యాయం ఉన్నదని నా అభిప్రాయం.

తప్పులను గురించిన వాక్యాన్నే పరిశీలిద్దాం. 'అందరూ తరచుగా చేసే తప్పులలో ఒకటి నేనూ చేశాను' అనే భావాన్ని ఆంగ్లంలో వ్రాయమంటే, పలువురి కలాల నుండి 'ఐ డిడ్ వన్ ఆఫ్ ద మోస్ట్ కామన్ మిస్టేక్' అనే వాక్యం వెలువడుతుంది. ఇందులో దోషాలు రెండు.

మొదటిది 'డిడ్'. అక్కడ 'మేడ్' ఉండాలి. తెలుగులో తప్పు 'చేస్తాము'. ఉర్దూలోనూ 'గల్తీ కర్‌నా' అంటారు. ఆ అలవాటే ఆంగ్లంలోనికి వచ్చింది. ఈ నేరాన్ని మాతృభాష ఒప్పుకోవలసిందే. 'డూ', 'మేక్' రెండింటికీ చేయడమనే అర్థమున్నా, 'మిస్టేక్' పక్కన నిలిచేది 'మేక్' మాత్రమే. ఎందుకని అడిగితే సమాధానం లేదు. మనం మాత్రం ఈత కొడతాము గాని ఈత చేయము కదా! ఇటువంటి జంటలను జంటలుగానే నేర్చుకోవాలి.

రెండవది 'మిస్టేక్'. అది 'మిస్టేక్స్' కావాలి. ఈ దోషానికి మాతృభాష ఏమాత్రం బాధ్యురాలు కాదు. 1591లో నిర్మితమైన చార్మినార్ 'నగరంలోని ప్రసిద్ధ కట్టడాలలో ఒకటి' అంటాము. 'కట్టడంలో ఒకటి' అని చదువురానివారు కూడా అనరు. ఉర్దూలోనూ 'ఇమారతోఁ మే సే ఏక్' అని బహువచనమే. పెక్కింటి నుండి గదా ఒకదానిని ఏరుకొనేది! క్రియ విషయంలోనూ అంతే. 'నా మిత్రులలో ఒకడు వచ్చాడు' అంటాము. ఆంగ్లంలోనూ 'వన్ ఆఫ్ మై ఫ్రెండ్స్' తరువాత 'హ్యాజ్' రావాలేగాని 'హ్యావ్' రాకూడదు. ('ద' అనే చిన్న పదం తరచుగా జారిపోవడం వేరొక కథ. దానికి సరియైన జోడు మన భాషలలో లేదు.)

మరి ఈ రెండవ దోషం ఎక్కడిది? అర్థాన్ని విడిచి పదాలను వరుసగా వల్లె వేయడం వలన వచ్చినది. 'వన్' కనబడగానే కలం ఏకవచనం వైపు పరుగెడుతుంది. తనకు చిన్ననాటి నుండి తెలిసిన వ్యాకరణాన్ని తరగతి గది గుమ్మం బయట విడిచి రమ్మని మనమే విద్యార్థికి నేర్పినాము. ఈ నగరంలోనే 1918లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయం తన తొలి దశాబ్దాలలో ఉర్దూ మాధ్యమంలో ఉన్నత విద్యను బోధిస్తూనే, ఆంగ్లాన్ని తప్పనిసరి పాఠ్యాంశంగా ఉంచింది. అక్కడ ఒక భాష మరొక భాషకు అడ్డు కాలేదు.

'చార్మినార్ ఈజ్ వన్ ఆఫ్ ద ఫేమస్ మాన్యుమెంట్' అని వ్రాసిన విద్యార్థి పుస్తకంలో ఎర్రసిరాతో సున్న చుట్టే ముందు, ఆ వాక్యాన్ని ఒక్కసారి తెలుగులోనో ఉర్దూలోనో పైకి చెప్పమని అడిగి చూడండి. విడిచిన 'ఎస్' అక్షరాన్ని ఆ విద్యార్థియే చేర్చుకోవచ్చు.