అంగీకారమా, సర్దుకుపోవడమా?

కంప్యూటర్ పరీక్షలను నర్సింగ్ విద్యార్థినులు ఎంతవరకు అంగీకరిస్తున్నారు? 2020లో కోవిడ్ తరగతి గదులను మూయించిన తరువాత నర్సింగ్ విద్య మీద వస్తున్న పరిశోధనల్లో తరచుగా కనిపిస్తున్న ప్రశ్న ఇది. అయిదు గళ్ల ప్రశ్నావళి ఇస్తారు. ‘పూర్తిగా అంగీకరిస్తాను’ నుంచి ‘ఏమాత్రం అంగీకరించను’ దాకా ఏదో ఒక గడిలో టిక్కు పెట్టమంటారు. ఎక్కువ టిక్కులు మొదటి రెండు గళ్లలో పడితే విద్యార్థినులు కొత్త పద్ధతిని ఆమోదించినట్టు లెక్క. ఈ లెక్కతోనే నాకు పేచీ. కాదనే వీలు లేని చోట అవునన్నంత మాత్రాన అది అంగీకారం కాదు. దానికి మన ఇళ్లలో ఎప్పటినుంచో వేరే పేరుంది. సర్దుకుపోవడం.

ఈ కొలబద్ద ఎక్కడిదో చూడండి. 1989లో ఫ్రెడ్ డేవిస్ అనే అమెరికన్ పరిశోధకుడు, ఉద్యోగులు కంప్యూటర్‌ను ఎందుకు వాడతారో, ఎందుకు వాడరో తెలుసుకోవడానికి ఒక నమూనా తయారు చేశాడు. అది ఉపయోగకరమని అనిపించాలి, వాడటం సులువని అనిపించాలి, అప్పుడే మనిషి వాడతాడు అన్నది దాని సారం. 2003లో విశ్వనాథ్ వెంకటేశ్, డేవిస్ తదితరులు దాన్ని విస్తరించినప్పుడు, వాడకం ఇష్టప్రకారమా, తప్పనిసరా అన్నది కూడా లెక్కలోకి తెచ్చారు. మరి పరీక్ష ఇష్టప్రకారం రాసేదా? రాయకపోతే సీటు లేదు, సర్టిఫికెట్ లేదు, ఉద్యోగం లేదు. ఎయిమ్స్ సంస్థలు 2020 నుంచి నర్సింగ్ ఆఫీసర్లను నార్సెట్ అనే ఉమ్మడి కంప్యూటర్ పరీక్ష ద్వారా తీసుకుంటున్నాయి. అమెరికాలో నర్సు లైసెన్సు పరీక్ష 1994 నుంచే కంప్యూటర్ మీద జరుగుతోంది. మన అమ్మాయిలు దాన్ని హైదరాబాదులోనే రాస్తున్నారు. అది జవాబును బట్టి తరువాతి ప్రశ్నను ఎంచుకుంటుంది, దాటివచ్చిన ప్రశ్న దగ్గరికి వెనక్కి వెళ్లనివ్వదు. వీటిలో ఏ ఒక్కటీ అమ్మాయిలను అడిగి పెట్టింది కాదు. అడగకుండా పెట్టినదాన్ని మీరు అంగీకరిస్తున్నారా అని తరువాత అడగడం, ముహూర్తం పెట్టేశాక పెళ్లికూతురి ఇష్టం అడిగినట్టుంటుంది.

పైగా అడుగుతున్నది ఎవరు? చాలాసార్లు పాఠం చెప్పే టీచరే ప్రశ్నావళి పంచుతుంది. ఇంటర్నల్ మార్కులు ఆమె చేతిలో, హాజరు ఆమె చేతిలో, ఏ వార్డులో డ్యూటీ వేయాలన్నది ఆమె మాట మీద. డాక్టరు ముందు, సూపరింటెండెంటు ముందు ఎదురు చెప్పకుండా నిలబడటం నర్సింగ్ శిక్షణలో రాయని పాఠం. ప్రపంచంలోని నర్సుల్లో ప్రతి పదిమందిలో ఎనిమిది మందికి పైగా స్త్రీలే. అణకువను వృత్తి ధర్మంగా నేర్పిన చోట ‘అంగీకరించను’ అన్న గడిలో టిక్కు పెట్టడానికి ఎంత ధైర్యం కావాలో మనకు తెలియదా? మౌనం అర్ధాంగీకారం అన్నారు పెద్దలు. ఇక్కడ భయాన్ని పూర్తి అంగీకారంగా రాసుకుంటున్నారు.

కంప్యూటర్ పరీక్షల్లో మేలు లేదని నేను అనడం లేదు. బహుళైచ్ఛిక ప్రశ్నల జవాబు దిద్దేటప్పుడు యంత్రం కులం చూడదు, చేతిరాత చూడదు. ఫలితం త్వరగా వస్తుంది. టీచరు కోపతాపాలకు బలైన అమ్మాయికి ఇది చిన్న విషయం కాదు. కానీ ఆ మేలు అందరికీ సమానంగా అందాలంటే అందరూ ఒకే చోటునుంచి బయలుదేరాలి. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడిన స్త్రీలు ఆంధ్రప్రదేశ్‌లో 21 శాతం, పురుషులు 48.8 శాతం. తెలంగాణలో స్త్రీలు 26.5 శాతం. ఆ తరువాత ఫోన్లు పెరిగి ఉండవచ్చు. అన్న వాడి పక్కన పెట్టిన ఫోను మీద వీడియో చూడటం వేరు, గడియారం తరుముతుంటే మౌసు పట్టుకుని పరీక్ష రాయడం వేరు. హాస్టల్లో ఫోను నిషేధించి, కళాశాల కంప్యూటర్ గదికి తాళం వేసి, ఉద్యోగం మాత్రం కంప్యూటర్ మీద తేల్చుకోమనడం ఏ న్యాయం? పరీక్షా కేంద్రం పక్క జిల్లాలో పడితే తెల్లవారుజామున తోడెవరు, చార్జీలెవరివి అన్నవి ప్రశ్నావళిలో లేని ప్రశ్నలు.

డాక్టర్ల సంగతి చూడండి. పీజీ ప్రవేశానికి వాళ్లు రాసే నీట్ కూడా కంప్యూటర్ పరీక్షే. 2024లో దాన్ని రెండు షిఫ్టుల్లో జరిపారు. 2025లో మళ్లీ రెండు షిఫ్టులే అనేసరికి వాళ్లు సుప్రీంకోర్టుకు వెళ్లారు. రెండు ప్రశ్నపత్రాలు ఒకే స్థాయిలో ఉండటం సాధ్యం కాదని, ఒకే షిఫ్టులో జరపాలని కోర్టు 2025 మే 30న ఆదేశించింది. ఆగస్టు 3న పరీక్ష అలాగే జరిగింది. ఈ డాక్టర్లు కంప్యూటర్‌ను కాదనలేదు, న్యాయంగా జరపమన్నారు. వాళ్లు హక్కుదారులుగా అడిగారు. నర్సింగ్ విద్యార్థినులను మాత్రం మనం ఇంకా అభిప్రాయం చెప్పేవాళ్లుగానే ఉంచుతున్నాం.

కాబట్టి మన సంస్థల్లో ఈ విషయం మీద పనిచేసేవాళ్లు ప్రశ్నను మార్చాలి. ఎంతమందికి నచ్చిందని కాదు, ఎవరు ఎందుకు వెనకబడ్డారని అడగాలి. పరీక్షకు ముందు ప్రతి విద్యార్థినికీ కళాశాల ఖర్చుతో కంప్యూటర్ మీద సాధన కావాలి. సొంత జిల్లాలో కేంద్రం కావాలి. జవాబు పత్రం, కీ చూసుకుని అభ్యంతరం చెప్పే హక్కు కావాలి. మధ్యలో కరెంటు పోయినా, యంత్రం ఆగినా పోయిన సమయం తిరిగివ్వాలి. ఫలితాలను స్త్రీ పురుషుల వారీగా, కులం వారీగా, ప్రభుత్వ, ప్రైవేటు కళాశాలల వారీగా బయటపెట్టాలి. పద్ధతి మార్చేముందు నిర్ణయించే కమిటీలో విద్యార్థినుల ప్రతినిధులు కూర్చోవాలి. పేరు లేకుండా, టీచరు గదిలో లేకుండా వాళ్ల మాట వినాలి.

ఇవన్నీ సమకూరిన రోజున అడగండి, అంగీకరిస్తున్నారా అని. ఆ రోజు కాదన్నా, అవునన్నా అది వాళ్ల మాట అవుతుంది.