బ్యాటింగ్ సగటు దాచిన విలువ

బేస్‌బాల్‌లో బ్యాటర్ ప్రతిభకు నూరేళ్లకు పైగా గీటురాయిగా చెలామణీ అయిన బ్యాటింగ్ సగటు, అతను సాధించిన హిట్ల సంఖ్యను అట్-బ్యాట్ల సంఖ్యతో భాగించగా వచ్చేది. హిట్ అంటే ఫీల్డర్ల పొరపాటుతో పని లేకుండా, బంతిని కొట్టి బేస్ చేరడం. అట్-బ్యాట్ అంటే బ్యాటర్ బరిలోకి దిగిన ప్రతిసారీ కాదు, నిబంధనలు లెక్కలోకి తీసుకొమ్మన్నప్పుడు మాత్రమే. స్ట్రైక్ పరిధికి వెలుపల వెళ్లిన నాలుగు బంతులను ఆడకుండా వదిలిన బ్యాటర్‌కు మొదటి బేస్ ఊరికే దక్కుతుంది. ‘వాక్’ అనే ఈ ఫలితం హిట్టూ కాదు, అట్-బ్యాటూ కాదు కనుక సగటు లెక్కలో దానికి చోటే లేదు.

ఈ లెక్కల సంప్రదాయానికి పునాది వేసిన 19వ శతాబ్దపు పాత్రికేయుడు హెన్రీ చాడ్విక్, ఇంగ్లండ్‌లో పుట్టి అమెరికాలో క్రికెట్ వార్తలు రాస్తూ బేస్‌బాల్ వైపు వచ్చినవారు. వాక్‌ను ఆయన బంతి విసిరే పిచర్ తప్పిదంగా చూశారే గానీ బ్యాటర్ నేర్పుగా గుర్తించలేదు. 1887లో ఒక్క సీజన్ పాటు వాక్‌ను హిట్‌గా లెక్కించగా సగటులు అమాంతం పెరిగాయి. మరుసటి ఏడాదికల్లా ఆ నిబంధన రద్దయింది.

వాక్‌ను లెక్కించని ఈ లోపం ఎంతటి అన్యాయానికి దారితీసిందో 1954 అమెరికన్ లీగ్ సీజన్ చూపుతుంది. బోస్టన్ రెడ్ సాక్స్ ఆటగాడు టెడ్ విలియమ్స్, కాలర్ ఎముక విరిగి సీజన్ ఆరంభంలో ఆటకు దూరమైనా, తిరిగి వచ్చి 0.345 సగటు సాధించాడు. అయితే సగటులో ప్రథమ స్థానానికి, అంటే బ్యాటింగ్ టైటిల్‌కు, అప్పట్లో కనీసం 400 అట్-బ్యాట్లు ఉండాలి. విలియమ్స్‌కు ఉన్నవి 386. పిచర్లు అతనికి 136 సార్లు వాక్ ఇవ్వడంతో, 520 సార్లకు పైగా బరిలోకి దిగినా అర్హత దక్కలేదు, 0.341 సగటుతో క్లీవ్‌లాండ్ ఆటగాడు బాబీ అవిలా విజేతయ్యాడు. చెడ్డ బంతిని వదిలే ఓర్పే విలియమ్స్‌ను అనర్హుణ్ణి చేసింది. 1957 నుంచి అర్హతకు అట్-బ్యాట్లను కాక, జట్టు ఆడే ఒక్కో మ్యాచ్‌కు 3.1 చొప్పున బరిలోకి దిగిన సందర్భాలను ప్రమాణంగా తీసుకుంటున్నారు.

ఒక ఇన్నింగ్స్‌కు మూడు ఔట్లు మాత్రమే ఉన్న ఆటలో ఔట్ కాకపోవడమే బ్యాటర్ తొలి కర్తవ్యం. హిట్, వాక్, బంతి ఒంటికి తగలడం, ఈ మూడింటిలో దేనివల్ల బేస్ చేరినా లెక్కించే ఆన్-బేస్ శాతం 1984లో గానీ అధికారిక గణాంకం కాలేదు. ఆ కొలతలో 1954 నాటి విలియమ్స్ స్థాయి 0.513, అంటే సగానికి పైగా సందర్భాల్లో అతను బేస్ చేరాడు.

ఇంతటితో వాదం ముగియదు. రెండో బేస్‌లో ఉన్న సహచరుణ్ణి సింగిల్, అంటే బ్యాటర్‌ను మొదటి బేస్ చేర్చే హిట్, తరచూ పరుగు పూర్తయ్యే హోమ్ ప్లేట్‌కు చేరుస్తుంది, వాక్ చేర్చదు. అందుకే పరుగుల రూపంలో వాక్ విలువ సింగిల్‌లో సుమారు మూడింట రెండు వంతులే. హోమ్‌రన్‌ను నాలుగు సింగిళ్లకు సమానం చేసే స్లగ్గింగ్ శాతమూ సరైనది కాదు, ఎందుకంటే పరుగుల లెక్కన హోమ్‌రన్ సుమారు మూడు సింగిళ్లకే సాటి. అయినా ఈ సవరణలేవీ వాక్ విలువను సున్నా చేయవు. బ్యాటింగ్ టైటిల్‌ను మాత్రం నేటికీ సగటు ఆధారంగానే ఇస్తున్నారు. లీగ్ పెద్దలు ఆ గౌరవాన్ని ఆన్-బేస్ శాతానికి మార్చాలి.