సీలు తీస్తే హక్కు పోతుందా?

రైతు ఇంట్లో పుట్టినవాడికి స్పానర్ పట్టడం ఎవరూ నేర్పనక్కర్లేదు. బోరు మోటారు ఆగితే ముందు స్టార్టర్ డబ్బా విప్పి చూస్తాం, ఆ తర్వాతే మెకానిక్కుకు కబురు. అలాంటి ఇంటినుంచి వచ్చిన నాకు కాలేజీలో ఒక మాట వింతగా తోచింది. కంప్యూటర్‌ను మాత్రం విప్పరాదట, విప్పితే వారంటీ పోతుందట! పంట డబ్బులతో కొన్న డెస్క్‌టాప్ నత్తనడక నడుస్తున్నా, ఆ భయంతోనే ముట్టుకోని మిత్రులు మనలో ఎందరో! ఈ సంగతి మా నాన్నతో అంటే, "పైసలిచ్చి కొన్నంక విప్పొద్దంటే ఎట్లరా?" అన్నాడు. ఆ ప్రశ్నలో న్యాయం ఉంది. అయితే అది సగం న్యాయమే అని నా అభిప్రాయం.

హార్డ్ డిస్క్‌లో అద్దంలాంటి పళ్ళెం నిమిషానికి 5,400 లేదా 7,200 సార్లు తిరుగుతుంది. సమాచారం ఉన్నచోటికి హెడ్ చేరేదాకా యంత్రం కాచుకోవాలి. ఎస్.ఎస్.డి.లో తిరిగేదేదీ లేదు, అంతా చిప్పులే. అందుకే దాన్ని బిగిస్తే పాత యంత్రం కూడా చురుగ్గా లేస్తుంది. పని కూడా బ్రహ్మవిద్య కాదు. పక్క పలక, నాలుగు స్క్రూలు, ఒక డేటా కేబులు, ఒక పవర్ కేబులు, అంతే.

మరి వారంటీ? మనవాళ్ళు మూడు సంగతుల్ని ఒకటిగా కలిపేస్తున్నారు. కంప్యూటర్ కంపెనీ ఇచ్చే వారంటీ ఒకటి. కొత్త డ్రైవ్‌కు దాని తయారీదారు ఇచ్చేది వేరొకటి. ఇక మూడోది, లోపల మనం దాచుకున్న రికార్డులు, ఫోటోలు. వీటికి సాధారణంగా ఏ వారంటీ ఉండదు, కాపీ తీసుకోవడం మన పూచీయే. మొదటిదాని విషయంలో, డ్రైవ్ మార్చుకోనిచ్చే కంపెనీలు ఉన్నాయి, సర్వీస్ సెంటర్‌లోనే మార్చాలనేవీ ఉన్నాయి. మార్చేటప్పుడు మన చేతిలో బోర్డు దెబ్బతింటే ఆ నష్టం మాత్రం మనదే. అరచేతిలోని స్థిరవిద్యుత్తు చాలు, చిప్పు చావడానికి. కాబట్టి విప్పకముందు చదవవలసింది స్టిక్కరు కాదు, వారంటీ కార్డు.

స్టిక్కరే శాసనం కాదని అమెరికావాళ్ళు ఎప్పుడో తేల్చారు. అక్కడి వారంటీ చట్టం 1975 నాటిది. సీలు చిరిగితే వారంటీ చెల్లదంటున్న పద్ధతులపై 2018 ఏప్రిల్‌లో అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఆరు కంపెనీలను హెచ్చరించింది. మన కేంద్ర ప్రభుత్వం కూడా 2022 జూలైలో 'మరమ్మతు హక్కు'పై కమిటీ వేసింది. అది ఎంచుకున్న రంగాల్లో మొబైల్ ఫోన్లతోపాటు వ్యవసాయ పరికరాలు ఉండడం రైతుబిడ్డగా నాకు సంతోషం. 2019 వినియోగదారుల చట్టం ప్రకారం, మనం ఉండే జిల్లాలోనే ఫిర్యాదు చెయ్యవచ్చు. 5 లక్షల రూపాయల లోపు కొనుగోలైతే ఫీజు లేదు. 1915కు ఫోన్ చేసినా సలహా చెబుతారు.

కంపెనీవారి వాదన కూడా వినాలి. "ఎవరో విప్పి చెడగొడితే మేమెందుకు భరించాలి?" అంటారు. సబబే. దీనికి జవాబు మన శంషాబాద్‌లోనే ఉంది. 2008లో మొదలైన ఈ విమానాశ్రయంలో విమానాలనే విప్పి మరమ్మతు చేసే హ్యాంగర్లు ఉన్నాయి. విమానానికి భద్రత దాన్ని విప్పకపోవడంవల్ల రాదు. ఎవరు విప్పారో, ఏం మార్చారో రాసి, అర్హుడు సంతకం పెట్టడంవల్ల వస్తుంది. మనమూ అదే చేద్దాం. విప్పేముందు ఫోటో తీద్దాం, బిల్లులు దాచుదాం. పాత డ్రైవ్‌ను పారెయ్యకుండా ఉంచి, కంప్యూటర్ సర్వీసుకు వెళ్ళేటప్పుడు తిరిగి బిగిద్దాం.

విద్యార్థి సంఘానికి ఒక మనవి. కళాశాల ఇకముందు కంప్యూటర్లు కొనేటప్పుడు, "లాబ్ సిబ్బంది డ్రైవ్, మెమరీ మార్చినంతమాత్రాన వారంటీ పోదు" అనే షరతు ఆర్డరులోనే రాయించండి. వందల రూపాయల విత్తనం కొన్నా మా నాన్న బిల్లు అడిగి దాచుకుంటాడు. వేలు పోసి యంత్రం కొనే చదువుకున్నవాళ్ళం, కొనేముందే షరతులు అడగలేమా? సైన్సు చదివే మనం యంత్రానికి భయపడితే అది చదువుకే చిన్నతనం. తెలుసుకుని విప్పుదాం, విప్పి తెలుసుకుందాం.