చెరువు నిండాక పూడిక లెక్క!

చెరువు ఎండినప్పుడే పూడిక లెక్క తేలుతుంది. నీళ్ళు వచ్చాక ఎంత లోతు తవ్వారో గంగమ్మ తల్లికే తెలియాలి. ఈ సంగతి పల్లెలో పసిపిల్లవాణ్ణి అడిగినా చెబుతాడు. మన కార్యాలయాలలో కూర్చున్న పెద్దలకు మాత్రం తెలియదనుకోవాలా? తెలిసే ఆలస్యం చేస్తున్నారనుకోవాలా?

అనంతపురం జిల్లాలోని ఒక పల్లెలో జరిగిన సంగతి ఇది. శివరాత్రి వెళ్ళాక ఊరి చెరువులో పూడిక తీశారు. కొన్నాళ్ళు ట్రాక్టర్లు తిరిగాయి. కట్ట మీద కొంత మట్టి పడింది. పని ముగిసిందని, బిల్లు కూడా అయిందని ఊళ్ళో మాట వచ్చింది. తవ్విన చోట మోకాటి లోతు కూడా లేదని ఆయకట్టు రైతుల అనుమానం. అనుమానం మీద ఎవరినీ దొంగ అనరాదు గదా! అందుకని ఆ చెరువు కింద రెండెకరాలున్న ఒక రైతు ఏప్రిల్ మొదటి వారంలో సమాచార హక్కు చట్టం కింద అర్జీ పెట్టాడు. పని అంచనా కాపీ, ఎం.బుక్కు నకలు, చెల్లించిన బిల్లుల వివరం, తవ్విన చోటును అధికారి సమక్షంలో కొలిచి చూచుకునే అవకాశం. అతడు అడిగినవి ఇంతే.

మే మొదటి వారానికి నెల నిండింది. జవాబు లేదు. ఆఫీసుకు వెళ్ళి అడిగితే, “ఏ.ఇ. గారు సెలవులో ఉన్నారు” అన్నారు. మరోసారి వెళితే, “ఫైలు డివిజన్ ఆఫీసుకు పోయింది” అన్నారు. మూడోసారి వెళితే, “అయినా నీకెందుకయ్యా ఈ లెక్కలు?” అన్నారు. వెళ్ళిన ప్రతిసారీ ఒక రోజు కూలి, బస్సు చార్జీ చేతి నుంచి పోయాయి. మే నెలాఖరులో పై అధికారికి అప్పీలు పెట్టుకున్నాడు. అక్కడి నుంచీ ఉలుకూ పలుకూ లేదు.

సెప్టెంబరు వానలకు చెరువులో నీరు చేరింది. అక్టోబరులో మరవ పారింది. సంక్రాంతి ముందు జవాబు వచ్చింది. ఒకటే కాగితం. పని పేరు, మొత్తం ఖర్చు, పని సంతృప్తికరంగా పూర్తయినదని ఒక వాక్యం. ఎం.బుక్కు నకలు లేదు. కొలిచి చూచుకునే విషయం మాత్రం మరువలేదు. ప్రస్తుతం చెరువులో నీరు ఉన్నందున అది వీలుకాదని రాశారు! మరి నీరు లేని అయిదు నెలలూ ఏం చేసినట్లు?

పని సక్రమంగానే జరిగి ఉండవచ్చు. కాదని మేము అనడం లేదు. కాని ఆ సంగతి ఇక ఎప్పటికీ తేలదు. అదే అసలు నష్టం. తప్పు జరిగి ఉంటే తప్పు చేసినవాడు తప్పించుకున్నాడు. తప్పు జరగకుంటే నిజాయితీగా పని చేయించిన ఇంజనీరుకు మచ్చ మిగిలింది. జవాబు రాకపోవడం ఒక ఎత్తు. పనికిరాని రోజున రావడం మరొక ఎత్తు. రెండింటికీ ఫలితం ఒక్కటే.

చట్టం ఏమంటున్నది?

సమాచార హక్కు చట్టం 2005 అక్టోబరు 12 నుంచి పూర్తిగా అమలులోకి వచ్చింది. అర్జీ అందిన 30 రోజులలో సమాచారం ఇవ్వాలి, లేదా ఎందుకు ఇవ్వరో కారణం రాసి చెప్పాలి. మనిషి ప్రాణానికి, స్వేచ్ఛకు సంబంధించినదైతే 48 గంటలలోనే ఇవ్వాలి. గడువు దాటినా జవాబు లేకుంటే నిరాకరించినట్లే లెక్క అని చట్టం స్పష్టంగా చెబుతున్నది. అంటే మౌనం కూడా ఒక జవాబే. దాని మీద అప్పీలుకు వెళ్ళవచ్చు.

ఈ చట్టం కింద కాగితాలకు నకళ్ళే కాదు, రికార్డులను ఆఫీసులో కూర్చుని చూడవచ్చు. జరుగుతున్న పనిని తనిఖీ చేయవచ్చు. వాడిన సామగ్రి నమూనాలు కూడా తీసుకోవచ్చు. రోడ్డుకు వేసిన కంకరైనా, కాలువ గోడకు కలిపిన సిమెంటు మిశ్రమమైనా సరే. ఇంత హక్కు చేతిలో పెట్టిన చట్టం, దానికి గడువు ఊరికే పెట్టలేదు. పని కంటికి కనిపించే రోజులలోనే లెక్క చూచుకోవాలన్నది అందులోని ఆంతర్యం.

గడువును ఎగవేసే ఉపాయాలు

దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడన్న సామెత ఊరికే పుట్టలేదు. గడువును ఎగవేయడానికి కొన్ని ఉపాయాలు పాతుకుపోయాయి. వాటికి చట్టంలోనే విరుగుడు ఉన్నది. గ్రామస్థులు దాన్ని తెలుసుకోవడం అవసరం.

“ఎందుకు కావాలి?” అనేది మొదటి ఉపాయం. కారణం చెప్పనక్కరలేదని చట్టం అంటున్నది. అడిగే అధికారం ఆ అధికారికి లేదు.

“మా శాఖ కాదు” అనేది రెండోది. తమది కాకుంటే అర్జీని అయిదు రోజులలోగా సంబంధిత శాఖకు తామే పంపి, ఆ సంగతి అర్జీదారుకు తెలపాలి. అతణ్ణి ఆఫీసుల చుట్టూ తిప్పరాదు.

నకళ్ళ ఖర్చు కట్టమని ఆలస్యంగా ఉత్తరం రాయడం మూడోది. ఖర్చు కట్టమని తెలిపిన రోజు నుంచి కట్టిన రోజు వరకు గడువు లెక్కలోకి రాదు. అందుకని నెల ముగియబోతుండగా ఈ ఉత్తరం వస్తుంటుంది. అయితే ఖర్చు ఎలా లెక్క వేశారో అందులో చూపాలి. 30 రోజులు దాటాక అయితే పైసా అడగరాదు. గడువు దాటిన సమాచారాన్ని ఉచితంగానే ఇవ్వాలి.

“రాతపూర్వకంగా రాసుకురా” అని చదువురానివారిని తిప్పి పంపడం నాలుగోది. రాయలేనివారు నోటితో చెబితే దాన్ని కాగితం మీద పెట్టించడంలో సాయపడవలసిన బాధ్యత పౌర సమాచార అధికారిదే.

రుసుము సంగతి కూడా చెప్పుకోవాలి. 2005 నాటి రాష్ట్ర నిబంధనల ప్రకారం గ్రామ స్థాయి కార్యాలయంలో అర్జీకి రుసుము లేదు. మండల స్థాయిలో 5 రూపాయలు, ఆ పైన 10 రూపాయలు. దారిద్య్రరేఖకు దిగువన ఉన్నవారికి ఎక్కడా రుసుము లేదు.

లెక్క అడగడం మన జిల్లాకు కొత్త కాదు

ఈ చట్టం పట్నాలలో చదువుకున్నవారు కోరి తెచ్చుకున్నదని కొందరి అభిప్రాయం. అది సరికాదు. రాజస్థాన్‌లోని పల్లెలలో కూలీలు, చిన్న రైతులు 1990లో మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్‌గా ఏర్పడ్డారు. తాము చేసిన పనుల మస్టర్లు, బిల్లులు, వోచర్లు చూపించమని అడిగారు. 1994 నుంచి ఊరి నడుమ బహిరంగ విచారణలు పెట్టి ఆ లెక్కలు జనం ముందు చదివించారు. 1996లో బ్యావర్ పట్టణంలో 40 రోజులు ధర్నా చేశారు. కూలి లెక్క కోసం మొదలైన ఆ పోరాటమే దేశానికి ఈ చట్టాన్ని తెచ్చిపెట్టడంలో ముందు నిలిచింది.

మన జిల్లాకూ ఇందులో చోటున్నది. జాతీయ గ్రామీణ ఉపాధి హామీ పథకాన్ని 2006 ఫిబ్రవరి 2న నాటి ప్రధాని మన్మోహన్ సింగ్ ప్రారంభించింది నార్పల మండలం బండ్లపల్లిలోనే. ఆ పథకం కింద సామాజిక తనిఖీలు మన రాష్ట్రంలో 2006లోనే మొదలయ్యాయి. మస్టర్లు గ్రామసభలో చదివితే, ఊళ్ళో లేనివారి పేర్లు, రాని కూలి లెక్కలు అక్కడికక్కడే బయటపడడం మన పల్లెలవారు కళ్ళారా చూశారు. సకాలంలో చదివిన లెక్కకు ఎంత బలం ఉంటుందో మనకు ఒకరు చెప్పనక్కరలేదు.

అధికారుల వాదనలోనూ కొంత నిజం

సిబ్బంది చాలడం లేదని, ఒక్కొక్కరు మూడు నాలుగు బాధ్యతలు మోస్తున్నారని అధికారులు అంటున్నారు. అది నిజమే. కొందరు ఈ చట్టాన్ని అడ్డం పెట్టుకుని కింది ఉద్యోగులను, కాంట్రాక్టర్లను బెదిరిస్తున్నారని కూడా అంటున్నారు. అదీ అక్కడక్కడా జరుగుతున్నదే. అటువంటివారిని మేము సమర్థించడం లేదు.

కాని బెదిరింపుకు బలం ఎక్కడిది? దాచిన కాగితంలోనిది. ఎం.బుక్కు నకలు పంచాయతీ గోడ మీద అంటించి ఉంటే దాన్ని చూపి ఎవరు ఎవరిని బెదిరించగలరు? ప్రతి కార్యాలయం తన విధులు, ఖర్చులు, లబ్ధిదారుల వివరాలు మొదలైనవి ఎవరూ అడగకముందే ప్రకటించాలని ఇదే చట్టంలోని 4వ సెక్షన్ చెబుతున్నది. ఆ పని సక్రమంగా చేస్తే సగం అర్జీల అవసరమే ఉండదు. చేయవలసినది చేయక, అర్జీలు పెరిగాయని వాపోవడం తగునా?

పై మెట్టు మీద కూడా ఆలస్యమే

గడువులో సమాచారం ఇవ్వని అధికారికి రోజుకు 250 రూపాయల చొప్పున, 25 వేల రూపాయలకు మించకుండా జరిమానా వేసే అధికారం సమాచార కమిషన్‌కు ఉన్నది. ఆలస్యానికి తగిన కారణం ఉన్నదని రుజువు చేసుకోవలసినది అధికారే, అర్జీదారు కాదు. అయితే జరిమానా పడే సందర్భాలు చాలా తక్కువ. రెండో అప్పీలు విచారణకు రావడానికే నెలలు గడుస్తున్నాయి.

కమిషన్లలో ఖాళీలు సకాలంలో నింపాలని సుప్రీంకోర్టు 2019 ఫిబ్రవరి 15న తీర్పు ఇచ్చింది. అయినా పొరుగున తెలంగాణలో 2023 ఫిబ్రవరి నుంచి 2025 మే వరకు కమిషన్‌లో ఒక్క కమిషనరైనా లేకుండా పోయారు. పైన అడిగేవారు లేరని తెలిశాక కింద ఎవరు భయపడతారు? అందుకే మొదటి అప్పీలు దగ్గరే న్యాయం జరగాలి. ఆ అధికారి పట్నంలో ఎక్కడో లేరు. మన మండలంలోనో, డివిజన్‌లోనో ఉంటారు. ఆయన 30 రోజులలో, కారణం రాసి మరికొంత సమయం తీసుకున్నా మొత్తం 45 రోజులలో తేల్చాలి. ఆ పని జరిగితే చాలు.

చేయవలసినది

జిల్లా కలెక్టరు గారికి మా విజ్ఞప్తి. ప్రతి మండల కార్యాలయంలో ఏ అర్జీ ఏ రోజు వచ్చినది, ఏ రోజు జవాబు ఇచ్చినది నోటీసు బోర్డు మీద నెల నెలా పెట్టించాలి. సోమవారం అర్జీల కార్యక్రమంలో గడువు దాటినవాటిని కూడా సమీక్షించాలి. చెరువు పనుల విషయంలో మరొక్క మాట. బిల్లు చెల్లించే ముందే కొలతల నకలు పంచాయతీ గోడకు అంటించాలి. నీటి వినియోగదారుల సంఘం పెద్దలను, ఆయకట్టు రైతులను పిలిచి, వారి ఎదుట కొలిపించాలి. దీనికి కొత్త చట్టం అక్కరలేదు. మనసుంటే చాలు.

గ్రామస్థులు కూడా కొంత జాగ్రత్త పడాలి. అర్జీ చేతికిస్తే తేదీ వేసిన రసీదు తీసుకోవాలి. స్పీడ్ పోస్టులో పంపితే ఆ చీటీ దాచుకోవాలి. గోడ మీది క్యాలెండరులో 30వ రోజుకు గుర్తు పెట్టుకోవాలి. ఆ రోజు దాటాక ఆఫీసు చుట్టూ తిరగనక్కరలేదు. 30 రోజులలోగా మొదటి అప్పీలు పెట్టాలి. అక్కడా 45 రోజులు దాటితే 90 రోజులలోగా కమిషన్‌కు రెండో అప్పీలు వెళ్ళాలి. పైన చెప్పిన రైతు మొదటి అప్పీలు పెట్టి సంక్రాంతి దాకా జవాబు కోసం ఎదురు చూచాడు. అక్టోబరు నడుమకే రెండో అప్పీలు గడువు దాటిపోయిందని అతనికి చెప్పినవారు లేరు. చట్టం తెలియక ఓడిన రైతు ఇతడొక్కడే కాడు.

అన్నిటికన్నా ముఖ్యమైనది, అడిగే కాలం. పని జరుగుతుండగానే అడగాలి. గుంట ఎండి ఉండగానే కొలవాలి. అధికారులు జవాబును వానల దాకా నెట్టగలరేమో గాని, అర్జీ ఎప్పుడు పెట్టాలన్నది మన చేతిలోనే ఉన్నది.

మళ్ళీ ఎండాకాలం వస్తుంది. మళ్ళీ చెరువులు ఎండుతాయి. మళ్ళీ ట్రాక్టర్లు దిగుతాయి. ఈసారైనా లెక్క నీళ్ళకంటే ముందు రావాలి.