కణితి చుట్టూ ఉన్న కణజాలాన్ని చూపే స్కాన్‌లపై తీర్మానం

న్యూక్లియర్ మెడిసిన్, ఆంకాలజీ, పాథాలజీ విభాగాల సభ్యుల చర్చ అనంతరం హైదరాబాదులో మన వైద్య సంఘం సర్వసభ్య సమావేశం ఈ తీర్మానం చేస్తోంది.

క్యాన్సర్ విత్తనం ఎటు చెదిరినా తనకు అనువైన నేలలోనే మొలుస్తుందని స్టీఫెన్ పేజెట్ 1889లోనే రాశారు. కణితి అంటే క్యాన్సర్ కణాలొక్కటే కాదు. వాటిని అల్లుకున్న ఫైబ్రోబ్లాస్టులు, రక్తనాళాలు, రోగనిరోధక కణాలు, ఆక్సిజన్ అందని చోట్లు అన్నీ కలిస్తేనే కణితి. క్లోమ క్యాన్సర్‌లో చాలాసార్లు ఈ పరిసర కణజాలమే అధిక భాగం. కత్తి పెట్టకుండానే దాన్ని చూడగలగడం గొప్ప ముందడుగని ఈ సమావేశం హర్షిస్తోంది.

ఎఫ్‌డీజీ పెట్ స్కాన్ గ్లూకోజు వాడకాన్ని చూపుతుంది. క్షయ సోకిన లింఫ్ గ్రంథి కూడా అందులో కణితిలాగే వెలుగుతుంది. పెట్ స్కాన్ కోసం హైడెల్‌బర్గ్ పరిశోధకులు 2018లో ప్రకటించిన ‘ఫాపీ’ అణువులు ఫైబ్రోబ్లాస్టుల మీది ప్రొటీనును పట్టుకుంటాయి. జీర్ణాశయ క్యాన్సర్లలో ఎఫ్‌డీజీకి అందని గడ్డలను కొన్నింటిని చూపాయి. అయితే మానుతున్న గాయం, కీళ్లవాపు, క్షయ కూడా ఫాపీతో వెలగవచ్చు. మన రోగుల్లో క్షయ ఎంత తరచుగా కనబడుతుందో తెలిసిన మనం ఈ సంగతి ఒక్క రిపోర్టులోనూ మరవకూడదు.

అదే ఏడాది మరో అధ్యయనంలో రేడియోధార్మిక జిర్కోనియం-89 తగిలించిన అటెజొలిజుమాబ్ అనే ఇమ్యునోథెరపీ మందుతో 22 మందిని స్కాన్ చేశారు. ఇమ్యునోథెరపీ ఎవరికి పనిచేస్తుందన్నది ముక్క పరీక్షకంటే ఆ స్కానే మెరుగ్గా సూచించింది. ఒకచోట తీసిన ముక్క మరోచోటి గడ్డ సంగతి చెప్పలేదు కదా! అయినా ఇంత కొద్దిమందిపై వచ్చిన ఫలితంతో చికిత్స మార్చడం తొందరపాటే.

కాబట్టి ఇలాంటి స్కాన్ ఒక్కదాన్నే ఆధారం చేసుకుని సభ్యులెవరూ క్యాన్సర్ అని నిర్ధారించరాదని, చికిత్స ఆపరాదని తీర్మానించడమైనది. క్షయ చరిత్ర, ఇటీవలి ఆపరేషన్లు రిపోర్టులో తప్పక రాయాలి. అనుమానం ఉన్నచోట పాథాలజిస్టు మాటే తుది మాట. పరిశోధన కోసం తీసే స్కాన్‌కు రోగి నుంచి రూపాయి కూడా తీసుకోరాదు. సమ్మతి పత్రం రోగి చదివే భాషలో ఉండాలి. స్కాన్‌లో కనబడినదీ, ముక్క పరీక్షలో తేలినదీ పక్కపక్కన నమోదు చేసే ఉమ్మడి రిజిస్టరును సంఘం నిర్వహిస్తుంది.

ఫాపీ అణువులకు తగిలించే రేడియోధార్మిక గాలియం-68 అర్ధాయువు 68 నిమిషాలే. దూరప్రాంతాలకు దాన్ని పంపడం కష్టం. దాన్నిచ్చే జనరేటర్ అక్కడే ఉండాలి. అందుచేత పెట్ స్కానర్ ఉన్న ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రులన్నింటిలో జనరేటర్లు, శిక్షణ పొందిన రేడియోఫార్మసీ సిబ్బందిని ఏర్పాటు చేయాలని రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలను ఈ సమావేశం కోరుతోంది.

ఏకగ్రీవంగా ఆమోదించడమైనది.